విమానం గ్లాసు

పోయిన నెల అరసవల్లి వెళ్ళాను. ఇంట్లో దేవుడి దర్శనానికని చెప్పాను. నిజం చెప్పాలంటే మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక నాకూ దేవుడికీ రాకపోకలు తగ్గాయి. వెళ్ళింది ఒక ఇల్లు చూడ్డానికి. గుడి వెనక వీధిలోకి తిరిగి ఆ చివర్నించి ఈ చివరికి నడిచాను గానీ ఇల్లు కనిపించలేదు. ఉండాల్సిన చోట పెద్ద లాడ్జి ఒకటి లేచింది. లోపలికెళ్ళి నిలబడితే కౌంటరు దగ్గర కుర్రాడు ఏసీ రూమా, మామూలు రూమా అని అడిగాడు. ఇక్కడ నాకో గది ఉండేది బాబూ అన్నాను. వాడు పాపం మర్యాదస్తుడు. ఏ పేరు మీద బుక్ చేశారండీ అంటూ కంప్యూటర్లో వెతకడం మొదలుపెట్టాడు.

ఏ పేరని చెప్పను? ఆ గది ఇచ్చినావిడ పేరు నాకు తెలుసు. కానీ ఆ వీధిలో ఎవరూ ఆవిణ్ణి పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ దొడ్డమ్మే. ఆవిడకంటే పెద్దవాళ్ళకి కూడా దొడ్డమ్మే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పోయాక కూడా నా నోటికి వేరే పేరు రాదు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

అరవైల చివరి రోజులు. శ్రీకాకుళంలో ఆడపిల్లల స్కూల్లో నాకు టీచరుద్యోగం వచ్చింది. మాది రామతీర్థం దగ్గర పల్లె. వరీ, చోళ్ళూ పండించుకు బతికే ఇల్లు. మా ఇంటావంటా ఉద్యోగానికి గడప దాటిన ఆడది లేదు. మా నాన్న నన్ను బస్సెక్కించి, నమ్మకం చాలక తనూ ఎక్కి, గది వెతకడానికి వెంట వచ్చాడు. ఊరిని ఆనుకునే ఉన్న అరసవల్లిలో, గుడి ఉన్న వీధిలో అయితే పిల్ల భద్రంగా ఉంటుందని ఆయన పట్టుదల. గుడి ఉన్న వీధిలో మాకు గది ఎవరిస్తారన్న ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు. ప్రతి ఇంటి దగ్గరా మీరేవిట్లని అడగడం, మా నాన్న మా కులం చెప్పడం, అయ్యయ్యో నిన్ననే ఇచ్చేశామండీ అనడం. ఆ వీధిలో గదులన్నీ కూడబలుక్కుని నిన్ననే నిండిపోయాయి.

దొడ్డమ్మ అరుగుమీద కూర్చుని పనసకాయ పొట్టు కొడుతోంది. తలెత్తి నన్ను కాళ్ళ దగ్గర్నించి నెత్తి దాకా చూసింది. మీరేవిట్లని అడగలేదు. పిల్ల పెందలాడే లేస్తాదా అని మా నాన్ననడిగింది. కోడికంటే ముందే లేస్తాదని ఆయన చెప్పాడు.

"అయితే ఇస్తాను. మా వాడి గది. తూర్పు కిటికీ. వాడు బారెడు పొద్దెక్కినా లేచేవాడు కాదు, అంత మంచి కిటికీ దండగైపోయింది" అంది.

ఆ 'మా వాడు' యుద్ధంలో పోయాడని మాకప్పుడు తెలియదు. మా నాన్న వెళ్ళే ముందు తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "సిన్నపిల్లమ్మా. మీ సేతుల్లో ఎడతన్నాను. తప్పు సేస్తే కొట్టండి గానీ ఆకలికి ఒగ్గీకండి" అన్నాడు. నా ఇంట్లో ఆకలేటి అని ఆవిడకి చర్రున కోపం వచ్చింది. ఆ ఒక్క మాటకి మా నాన్నని ఆవిడ చాలా ఏళ్ళు క్షమించలేదు. ఆయన ఎప్పుడొచ్చినా విస్తరి నిండా వడ్డించి, ఇప్పుడు చెప్పండి ఆకలి సంగతి అని ఎదురుగా నిలబడేది.

సర్కారు నాకు ఉద్యోగం ఇచ్చిందన్న మాట నిజమే. ఊళ్ళో నిలబెట్టింది మాత్రం దొడ్డమ్మ.

ఆవిడకి మడి ఉంది. నా గదికీ ఆవిడ నడవకీ మధ్య ఒక గడప. పొద్దున్న స్నానం చేసి మడిచీర కట్టుకున్నది మొదలు మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఆ గడప దాటేది కాదు, నన్ను దాటనిచ్చేది కాదు. నా కూర గిన్నె గడప మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాక, అప్పుడు నేను తీసుకోవాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. బి.ఎడ్. చదివినదాన్ని, పిల్లలకి మనుషులంతా ఒకటేనని పాఠం చెప్పి వచ్చినదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ దెబ్బలాడలేదు. అదంతే, పుట్టినప్పట్నించీ చేస్తన్నాను, మానడం చేతకాదు, నీకు కోపం వస్తే నాలుగు తిట్టు, పడతాను, అన్నం మాత్రం మానకు అంది. అలా అనేసిన మనిషితో ఇంకేం దెబ్బలాడతాం? గిన్నె తీసుకుని తిన్నాను. పనసపొట్టు, ఆవపెట్టి. అంత కోపంలోనూ బాగానే ఉంది.

ఆ ఏడు వానల్లో నాకు టైఫాయిడ్ తగిలింది. గెడ్డలు పొంగి బస్సులు ఆగిపోయాయి, మా ఇంటి నుంచి ఎవరూ వచ్చే దారి లేదు. దొడ్డమ్మ గడప దాటి వచ్చి నా మంచం మీద కూర్చుంది. నుదుటిమీద తడిగుడ్డ వేసి, కాళ్ళు పట్టి, నా మాసిన బట్టలు తనే తీసి, లేచి నూతి దగ్గరికెళ్ళి నెత్తిమీంచి నీళ్ళు పోసుకుని, మడి కట్టుకుని, జావ కాచి, మళ్ళీ గడప దాటి వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని తాగించి, మళ్ళీ నూతి దగ్గరికి. బయట హోరున వాన. నాకు తెలివొచ్చినప్పుడల్లా ఆవిడ జుట్టు తడిగానే కనిపించేది. ఇన్ని స్నానాలెందుకు దొడ్డమ్మా, జ్వరం నీకు తగులుకుంటుంది, నాలుగు రోజులు ఆ మడి మానెయ్యరాదా అన్నాను.

"మడి మానేస్తే దేవుడికి ఎవరు వండుతారు, నిన్ను మానేస్తే నీకెవరు పోస్తారు? నీళ్ళకేటి, నూతి నిండా ఉన్నాయి" అంది.

ఈ వయసులో మోకాళ్ళ నొప్పుల గురించి నేనిలా సణగ్గలుగుతున్నానంటే ఆ నూతి నీళ్ళ చలవే.

కొడుకు గురించి ఆవిడ ఏడుస్తూ చెప్పగా నేను వినలేదు. తిడుతూ చెప్పేది. బాంబులు వేసే విమానంలో ఇద్దరే ఉంటారట. ఒకరు నడిపేవారు, ఒకరు దారి చెప్పేవారు. ఈవిడ కొడుకు దారి చెప్పేవాడు. ఆ సంగతి ఆవిడకి ఎప్పటికీ మింగుడు పడలేదు. ఆమదాలవలస వెళ్ళి బియ్యం బస్తా దింపించుకు రమ్మంటే పొందూరు పోయిన వెధవ, వాడు దారి చెప్పడమేటి, వాళ్ళు వినడమేటి అనేది. కాసేపాగి, విన్నారు చూడు, మంచివాళ్ళే అనేది. వాడు వంకాయ తినడు, వాడికి పప్పులో నెయ్యి కనిపించాలి అని, ఇప్పుడే స్నానానికి వెళ్ళినవాడి గురించి చెప్పినట్టు చెప్పేది. ఆకాశంలో విమానం చప్పుడైతే వీధిలో పిల్లలంతా బయటికి పరుగెత్తి పైకి చూసేవారు. దొడ్డమ్మ కూడా అరుగుమీదికి వచ్చేది గానీ పైకి చూసేది కాదు. పిల్లల మొహాలు చూసేది.

పాకిస్తాన్ యుద్ధంలో సరిహద్దు దాటి వెళ్ళిన ఆ విమానం తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, చితాభస్మమూ రాలేదు. ఆవిడ మరిదిగారు దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి నిప్పుపెట్టి, కర్మంతా జరిపించారు. తరవాత ఎప్పుడో బట్టల పెట్టె ఒకటి వచ్చింది. పోయినవాడి బట్టలు ఇంట్లో ఉంచకూడదు కాబట్టి ఆయనే పద్ధతి ప్రకారం ఎవరికో ఇచ్చేశారు. ఆ తరవాత, అన్నీ అయిపోయాయనుకున్నాక, కొబ్బరిపీచులో చుట్టి ఒక గ్లాసు వచ్చింది.

వెండిలా మెరిసే పెద్ద గ్లాసు. పక్కన చెవిలా ఒక పిడి. ఒక వైపు విమానం బొమ్మ చెక్కి ఉంది, దాని కింద ఇంగ్లీషులో అతని పేరూ హోదా. మా అందరి ప్రేమతో అని కింద ఒక ముక్క. మనకి పెళ్ళికో, వ్రతానికో, పోయినవాళ్ళ పేరుమీదో గిన్నె పంచితే దానిమీద పేరు కొట్టించడం అలవాటు కదా. విమానాల వాళ్ళలోనూ ఆ మర్యాద ఉందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. కుర్రాడి పేరు కొట్టించి కొత్త గ్లాసు పంపించారు, ఎంత మంచివాళ్ళో అనుకున్నారు. కొత్త పాత్ర కాబట్టి దొడ్డమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది.

రోజూ తెల్లవారేసరికి స్నానం చేసి, ఆ గ్లాసుతో నూతి నీళ్ళు పట్టి, పెరట్లో తూర్పుకి తిరిగి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చేది. నా కిటికీలోంచి నాకు కనిపించేది. ఆ పిడి అడ్డొచ్చి నీళ్ళు సగం చీర మీదే పడేవి. ఆవిడకది లెక్కలేదు. తరవాత చింతపండూ బూడిదా పెట్టి తళతళా వచ్చేదాకా తోమి గూట్లో పెట్టేది. వీధిలో పిల్లలు విమానం గ్లాసు చూస్తామని వచ్చేవారు. మధ్యాహ్నం పూట అయితే చూపించేది, ఒక్క వేలు పెట్టి ఆ విమానం బొమ్మని ముట్టుకోనిచ్చేది కూడా. తరవాత మళ్ళీ తోమేది.

మరిదిగారికి మాత్రం ఆ గ్లాసు మీద మొదట్నించీ అనుమానమే. పక్క వాటాలో ఉండేవారు. గుళ్ళో సేవాకాలంలో కీర్తనలు పాడడం వాళ్ళ వంశానికి వచ్చిన పని. తనకి పిల్లల్లేరు, అన్నగారు పోయాక ఈ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని తొడపాశం పెట్టి మరీ పాట నేర్పారు. వాడు గొంతు విప్పకుండా తప్పించుకుని చివరికి విమానాల్లోకి పారిపోయాడని ఆయన బాధ. చెడ్డమనిషి కాదు. పద్ధతి మనిషి. ఆ పద్ధతి కళ్ళకి గ్లాసు అడుగున ఒక సొట్ట కనిపించింది. కొత్త గ్లాసుకి సొట్టెందుకుంటుంది వదినా, ఎవరో వాడినదేమో, వాడినదైతే ఎంగిలి, ఎంగిలి పాత్రతో సూర్యనారాయణమూర్తికి అర్ఘ్యమేమిటి అనేవారు. రైల్లో పడేసి ఉంటారు, సొట్ట పడింది అనేది ఆవిడ. ఆయన వారానికోసారి ఆ మాట ఎత్తడం, ఆవిడ రైలు మీద నెట్టేయడం.

అలా ఉండగా కార్డు వచ్చింది. చనిపోయిన కుర్రాడితో ఒకే గదిలో ఉన్న ఆఫీసరు ఎవరో విశాఖపట్నం పనిమీద వస్తున్నాడట, స్నేహితుడి తల్లిని చూసి వెళ్తానని ఇంగ్లీషులో రాశాడు. కార్డు చదివి చెప్పింది నేనే. మరిదిగారు విని, మంచిదే అయింది, ఆయన్నే అడుగుదాం అన్నారు. కొత్తదంటే ఇక జన్మలో మాటెత్తను, వాడినదంటే గూట్లోంచి తీసి అటకమీద పెట్టేద్దాం అన్నారు. దొడ్డమ్మ సరే అంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినది నేనొక్కదాన్నే కాబట్టి ఆయన అడిగేదీ, ఆ ఆఫీసరు చెప్పేదీ నా నోటి మీదుగానే నడవాలి.

మర్నాడు మధ్యాహ్నం దొడ్డమ్మ చేటలో బియ్యం పోసుకుని నా గడప దగ్గర కూర్చుంది. బియ్యంలో రాయి లేదు, మట్టిగడ్డ లేదు, అయినా ఏరుతోంది. చాలాసేపటికి తలెత్తకుండానే అంది.

"ఆయన ఏటి చెప్పినా నువ్వు కొత్తదనే చెప్పు."

నేను ఆవిడ మొహంకేసి చూశాను. సంతలో కూరలావిడ ఒక వంకాయ ఎక్కువేస్తే పిలిచి వెనక్కిచ్చే మనిషి.

"పొద్దున్నే లేచి అది పట్టుకుంటే వాడికి ఇన్ని నీళ్ళిచ్చినట్టు ఉంటాది. అదీ తీసేస్తే నేను లేచి ఏటి చెయ్యను? నీకు దణ్ణం పెడతాను" అంది.

దణ్ణాలెందుకు, అలాగే చెప్తానని మాటిచ్చాను. స్కూలు ఇన్‌స్పెక్షన్లలో హెడ్మిస్ట్రెస్ గారి కోసం నేనంతకంటే పెద్ద అబద్ధాలే ఆడాను. నా ప్రాణం నిలబెట్టిన మనిషి కోసం ఈ ఒక్కటీ ఆడలేనా అనుకున్నాను.

ఆఫీసరంటే బుర్ర మీసాలతో, బూట్ల చప్పుడుతో వస్తాడనుకున్నాం. జట్కా దిగినవాడు తెల్లచొక్కా వేసుకున్న సన్నటి కుర్రాడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడేమో. ఉత్తరాదివాడు. అప్పుడే నుదుటి దగ్గర జుట్టు పల్చబడింది. రాగానే వంగి దొడ్డమ్మ కాళ్ళు ముట్టుకున్నాడు. ఆవిడ మడిలో ఉంది. వెనక్కి జరగలేదు. అన్నం తిన్నాడేమో అడగవే అంది నాతో. అదే ఆవిడ ఆయనతో ఆడిన మొదటి మాట.

నడవలో పీటవేసి వడ్డించింది. ఆవపెట్టిన కూర అలవాటు లేదేమో, తింటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆవ ఘాటుకేనని నేననుకున్నాను, ఆవిడ అనుకోలేదు. ఇంకాస్త నెయ్యి వేసి పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తన కొడుకు గురించి ఏమీ అడగలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. తరవాత అర్థమైంది, అడిగితే మాటల్లో మాట గ్లాసు దాకా వస్తుందని భయం.

మరిదిగారికి ఆ భయం లేదు. ఆ అబ్బాయి చేతులు కడుక్కోగానే గూట్లోంచి గ్లాసు తెప్పించి అతని ముందు పెట్టించి, ఇది కొత్తదా, ఎవరైనా వాడారా అడగమ్మా అన్నారు. అడిగాను.

ఆ అబ్బాయి గ్లాసు చేతిలోకి తీసుకుని, తల్లకిందులుగా తిప్పి, బొటనవేలితో తడిమి ఆ సొట్ట పట్టుకున్నాడు. పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో నవ్వు ఎక్కడో ఆగిపోయి, చివరికి నేలచూపులు చూస్తూ ముగించాడు.

ముగ్గురూ నా మొహంకేసి చూస్తున్నారు. దొడ్డమ్మ చూపు నేను మరిచిపోలేను. పరీక్షలో తప్పిన పిల్లలు మార్కులు చదివే ముందు నాకేసి అలా చూసేవారు. కొత్తదేనట అన్న ఒక్క ముక్క అంటే చాలు. గ్లాసు గూట్లోకి వెళ్ళిపోతుంది, మరిదిగారు జన్మలో మాటెత్తరు, ఈ అబ్బాయి సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు. మాట కూడా ఇచ్చాను. కానీ అతను చెప్పింది నేను విన్నాను. విన్నది నాలోనే దాచేసుకుంటే ఆవిడకి గ్లాసు మిగులుతుంది గానీ, ఆ అబ్బాయి అంత దూరం నుంచి తెచ్చినది మాత్రం ఆవిడకి ఎప్పటికీ అందదు. ఆవిడ గిన్నెలో అన్నం తింటూ ఆవిడకి రావలసింది నేను నొక్కేసినట్టే.

"దొడ్డమ్మా, ఇది కొత్తది కాదు. మీ అబ్బాయిదే" అన్నాను.

మరిదిగారు గట్టిగా ఊపిరి వదిలారు. నేను ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని గబగబా చెప్పేశాను. వాళ్ళు భోంచేసే చోట గోడకి వరసగా కొక్కేలుంటాయట. ఒక్కొక్కరికీ పేరు చెక్కిన ఒక్కొక్క గ్లాసు. సాయంత్రం ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుని తాగుతారు, ఇంకొకరు ముట్టుకోరు. మీ అబ్బాయి రోజూ ఇందులోనే తాగేవాడు. తాగుతూ పాడేవాడు. పాడుతూ గ్లాసుతో బల్లమీద తాళం వేసేవాడు. ఆ సొట్ట అలా పడిందట. వాళ్ళలో ఒకరు తిరిగి రాకపోతే, ఆ సాయంత్రం అతని గ్లాసు దించి నింపి, మిగిలినవాళ్ళంతా వరసగా తలో గుక్కా తాగుతారట. అందరూ తాగాక, మా అందరి ప్రేమతో అన్న ముక్క కింద చెక్కించి ఆ గ్లాసు ఇంటికి పంపేస్తారు. కడగరట. అలాగే పీచులో చుట్టి పంపేస్తారట.

ఏం తాగేవారమ్మా అన్నారు మరిదిగారు, సన్నగా. బార్లీ నీళ్ళంటే పూర్తిగా అబద్ధం కాదని ఒక్క క్షణం తోచింది. కానీ ఒకసారి నిజం మొదలుపెట్టాక సగంలో దిగిపోవడం కుదరదు. బీరండీ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగారు.

దొడ్డమ్మకి బీరు మాట వినిపించిందో లేదో తెలియదు. గ్లాసుకేసి చూస్తోంది.

"వాడి నోరు తగిలిందా దీనికి?" అంది.

నేను ఆ అబ్బాయినడగలేదు. నాకే తెలుసు కాబట్టి నేనే చెప్పాను. రోజూ తగిలేది దొడ్డమ్మా.

ఆవిడ తన చేతులు ఎత్తి చూసుకుంది. గోళ్ళ చివర బూడిద మరకలు. "తోమేశానే" అంది. "రోజూ చింతపండు పెట్టి తోమేశాను." ఆవిడేమందని ఆ అబ్బాయి నన్నడిగాడు. నాకు ఇంగ్లీషు మాటలు దొరకలేదు. ఆవిడ చేతులు చూసి అతనికి ఎంతవరకు అర్థమైందో గానీ మళ్ళీ అడగలేదు.

కాసేపటికి ఆవిడ లేచింది. గ్లాసు తీసుకుని గూటివైపు కాకుండా వంటింట్లోకి వెళ్ళింది. కడుగుతున్న చప్పుడు వినిపించలేదు. తిరిగొచ్చేసరికి గ్లాసు నిండా మజ్జిగ ఉంది. మరిదిగారు వదినా అన్నారు.

"నువ్వు చెప్పింది నిజమే నాయనా, ఎంగిలి దేవుడికి పనికిరాదు. ఆయనకి రాగిచెంబు ఉన్నాది. ఇది నాకు పనికొస్తాది" అంది ఆవిడ.

ఆ వీధిలో గ్లాసు మూతికి ఆనించి తాగేవాళ్ళు ఎవరూ లేరు. ఎత్తిపట్టి గొంతులో పోసుకోవాల్సిందే, పెదవి తగిలితే పాపం. ఆవిడ రెండు చేతులా గ్లాసు పట్టుకుని, అంచుకి పెదవులు ఆనించి, కళ్ళు మూసుకుంది. ఒక గుక్క తాగింది. తాగాక కూడా పెదవులు తియ్యలేదు. అలా ఎంతసేపుందో, మేం ముగ్గురం ఎటు చూడాలో తెలియక నేలకేసి చూస్తూ ఉన్నాం.

తరవాత గ్లాసు ఆ అబ్బాయికి ఇచ్చింది. అతను లేచి నిలబడి, నిటారుగా, ఒక్క గుక్క తాగాడు. తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"మాట తప్పావు కదే" అంది.

తప్పాను దొడ్డమ్మా అన్నాను.

"మంచిపని చేశావు. ఇన్నాళ్ళకి వాడు ఇంటికొచ్చాడు. తాగు" అని గ్లాసు నా చేతికే ఇచ్చింది. గడప మీద పెట్టలేదు. నా వేళ్ళు ఆవిడ వేళ్ళకి తగిలాయి, పట్టపగలు, మడిలో. తాగాను. పుల్లటి మజ్జిగ, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ తరవాత నా జీవితంలో శాలువాలు కప్పారు, దండలు వేశారు, మైకుల్లో పొగిడారు. ఆ మజ్జిగ తాగినప్పటంత గొప్పగా నాకెప్పుడూ అనిపించలేదు. ఆ ఇంటికి నేను అద్దెకొచ్చాను, ఆ పూట నుంచి ఆ ఇంటి పిల్లనయ్యాను. దొడ్డమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ గ్లాసులో మజ్జిగ ఆవిడ తాగి సగం నాకు మిగిల్చేది, నేను ఎప్పుడూ వద్దనలేదు.

మరిదిగారు అరుగుమీదికి వెళ్ళిపోయారు. స్తంభం పట్టుకుని వీధికేసి తిరిగి నిలబడ్డారు. ఇక ఈ ఇంట్లో అడుగుపెట్టరనే అనుకున్నాను. కొంతసేపటికి అక్కణ్ణించే, వెనక్కి తిరగకుండా, వాడు పాడేవాడన్నావు, ఏం పాడేవాడో అడుగమ్మా అన్నారు.

అడిగాను. ఆ అబ్బాయికి మాటలు తెలియవు, మీ భాషలో ఏదో పాట అన్నాడు. గుర్తున్నంతవరకు వరస అనమన్నాను. సిగ్గుపడుతూనే కూనిరాగం తీశాడు. శ్రుతి లేదు, ఒక చోట పూర్తిగా దారి తప్పింది. మరిదిగారు గిరుక్కున తిరిగారు. అక్కడ అలా కాదు అంటూ, అలవాటు కొద్దీ, ఆ ముక్క సరిచేసి పాడారు. పాడి, తను పాడుతున్నది ఏమిటో అప్పుడే విన్నట్టు ఆగిపోయారు. తొడపాశం పెట్టి నేర్పిన కీర్తనే అది. ఎన్ని తొడపాశాలు పెట్టినా ఆయన ఎదుట వాడు గొంతు విప్పి పాడనే లేదు.

ఉత్తరీయంతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. వచ్చి దొడ్డమ్మ ముందు నిలబడ్డారు. ఆ గ్లాసు ముగ్గురి నోళ్ళు దాటి వచ్చింది, అందులో నా నోరూ ఒకటి. ఆయన చూడనిది కాదు.

"వదినా, ఏమైనా మిగిలిందా?" అన్నారు.

"నీకు ఉంచకుండా ఎలా తాగుతాం నాయనా, రా" అని దొడ్డమ్మ గ్లాసు చాచింది.